కాలువ వెంట ఐదు దినములు

మన గృహములలో ప్రయాణమనగా సాధారణముగ రెండే కారణములు: తీర్థయాత్ర యొకటి, బంధువుల యింట శుభకార్యమొకటి. విజయవాడకు వచ్చు యాత్రికులలో పెక్కుమంది రైలు దిగి, కృష్ణలో మూడు మునుగులు మునిగి, ఇంద్రకీలాద్రి యెక్కి, కనకదుర్గమ్మను దర్శించి, సాయంకాలపు బండికే తిరుగుముఖము పట్టుదురు. దర్శనఫలము దక్కినది గాని, అమ్మవారి పాదముల చెంతనుండి సముద్రము వరకు పరచుకొనియున్న సీమ వారి కంటబడనేలేదు. ఆ సీమను ఏ కాలమున, ఏ క్రమమున, ఏ మర్యాదతో చూడవలెనో తెలుపుటయే మా యుద్దేశము.

సోదరీమణులు సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని ఐదు దినములు వెచ్చింపగలిగిన చాలును. మార్గమునకై ఎక్కువ విచారింప పనిలేదు. నీరు పోవు దారినే మనమును పోవలెను. కృష్ణాసీమలోని అన్నము, అద్దకపు చీర, ఆటపాటలు అన్నియు ఆ నీటి యొడ్డుననే పెరిగినవి.

మొదటి దినము ప్రకాశం బారేజికి కేటాయింపుడు. ఉదయమున ఎండ ముదరకముందే దానిపై నడచుట మంచిది. ఒకప్పుడు కృష్ణనీరు సముద్రము పాలగుచుండ, ఒడ్డుననున్న పల్లెలు ఆకాశము వంక చూచుచుండెడివి. 1832-33 లో, నందన సంవత్సరమున, గుంటూరు సీమను పీడించిన కరువును జనులు డొక్కల కరువని పిలిచిరి. ఎముకలగూడులై మనుష్యులు దారులలో పడిపోయిరని ఆ పేరే చెప్పుచున్నది. అటుపిమ్మట ఆర్థర్ కాటన్ దొర ఆలోచన ననుసరించి, చార్లెస్ ఆర్ అను ఇంజనీరు పర్యవేక్షణమున, 1852 లో మొదలైన ఆనకట్ట 1855 నాటికి ముగిసినది. 1952 లో దానికి గండి పడగా, నేటి బారేజిని నిర్మించి 1957 లో ముగించి, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 12 లక్షల ఎకరములకు పైగా దీనివలన పండుచున్నవి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవెస్ కాలువ విజయవాడ పట్టణము నడుమనుండియే పారుచున్నవి.

రైళ్ళు, మోటార్లు విరివిగా రాకమునుపు ఈ కాలువలే రహదారులు. గట్టుమీద మనుష్యులు త్రాడు పట్టి లాగుచుండ పడవలు సాగెడివి. లాకులకడ పడవ నాపి, నీరు సమమగువరకు వేచి, మరల సాగెడివారు. ధాన్యపు బస్తాలును, సారెతో కాపురమునకు బోవు కోడండ్రును ఆ పడవలలోనే ప్రయాణము చేసిరి. పిల్లలకు లాకు పనిచేయు తీరును చూపింపుడు. పుస్తకములో పది పుటలు చదివినను రాని తెలివి అచ్చట గడియలో వచ్చును.

సాయంకాలము దక్షిణపు గట్టున ఉండవల్లికి పోవలెను. కొండనే తొలిచి నాలుగంతస్తులుగా మలచిన గుహాలయమది, క్రీ.శ. 4, 5 శతాబ్దములనాటిదని పండితుల యభిప్రాయము. లోపల ఏకశిలపై శయనించియున్న అనంతపద్మనాభుని దర్శించి, పై అంతస్తునుండి చుట్టునున్న పొలములను చూచిన అలసట తీరును.

నదిలో భవానీద్వీపమునకు పడవలు పోవుచుండును. పడవ యెక్కువారు ఒక సంగతి మరువరాదు. 2017 నవంబరు 12 వ తేదీన విజయవాడకు ఎగువ, ఇబ్రహీంపట్నము చెంత, యాత్రికుల పడవ మునిగి ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. అనుమతి గల పడవనే యెక్కవలెను. తేలుడు చొక్కా తొడిగించనిదే బిడ్డను ఒడిలోనైనను కూర్చుండబెట్టుకొనరాదు. పడవ నిండియున్నచో తరువాతి పడవకై వేచియుండుటలో సిగ్గేమియు లేదు.

రెండవ దినము కాలువలకు ఎగువనున్న కొండపల్లికి. ఉదయము కోట యెక్కి, దిగివచ్చి, బొమ్మలు చేయు వీథిలో నిదానముగ నడువుడు. సంక్రాంతి బొమ్మలకొలువున దశావతారములను, అంబారీ యేనుగును, తాడిచెట్టెక్కు గీతగానిని పెట్టని యిల్లు మన సీమలో అరుదుగా నుండెడిది. ఆ బొమ్మ పుట్టు క్రమము చూడదగినది. తెల్లపొణికి యను తేలిక కర్రను చెక్కి, తడి పోవువరకు కాచి, చేతులను కాళ్ళను విడిగా చేసి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. పిమ్మట సున్నపు పూత. ఆపైన సన్నని కుంచెతో రంగులు. చెక్కుట పురుషుల పనియైనను, రంగులు దిద్దు చేతులు ఎక్కువగా స్త్రీలవే. వంట ముగించి, బిడ్డను ప్రక్కన పరుండబెట్టి, బొమ్మ కన్నులకు కాటుక తీర్చు తల్లులు అచ్చట కనబడుదురు.

పొణికి చెట్లు అడవిలో తరిగిపోవుటచే కర్ర దొరకుట కష్టమగుచున్నది. అచ్చులో పోసిన ప్లాస్టిక్ బొమ్మ చవుకగా వచ్చుచున్నది. కావున బేరమాడుటకు ముందు ఆ బొమ్మ ఎన్ని చేతులు మారినదో, ఎన్ని దినములు పట్టినదో అడిగి తెలిసికొనుడు. తెలిసిన పిమ్మట సగము ధరకు అడుగుటకు ఏ గృహిణికిని నోరు రాదని మా నమ్మకము.

మూడవ దినము బందరు త్రోవ పట్టవలెను. ఈ త్రోవలో చూడవలసినవి పొలములు. శ్రావణములో వచ్చినచో మోకాటిలోతు బురదలో వరుసగా వంగి ఊడ్చు స్త్రీలు కానవత్తురు. మార్గశిరమున వచ్చినచో కోతలు, కుప్పలు. కోతకు ముందుగనే వరిచేనిలో మినుములు చల్లుదురు. వరి కోసిన పిదప నేలలో మిగిలిన చెమ్మతోను, రాత్రి కురియు మంచుతోను ఆ చేను ఎదుగును. మనము ఇడ్లీకి నానబోయు పప్పునకు వేరుగా నీరు పెట్టినవారు లేరన్నమాట! బండి ఆపి, రైతును అడిగి, గట్టుమీద కొంతదూరము నడువుడు. చేనిలో మాత్రము కాలు పెట్టరాదు.

పామర్రు దాటిన పిమ్మట కూచిపూడి వచ్చును. సిద్ధేంద్రయోగి భామాకలాపమును ఈ యూరివారికి నేర్పెననియు, ఇచ్చటి నాట్య కుటుంబములలో పుట్టిన ప్రతి మగబిడ్డయు జీవితమున ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని నియమించెననియు పెద్దలు చెప్పుదురు. స్త్రీ మనసులోని అలుకను, గర్వమును, విరహమును తరతరములుగ పురుషులే అభినయించిన యూరిది. వేదాంతం సత్యనారాయణశర్మగారు జడ వేసికొని రంగము మీదికి వచ్చినపుడు, పురుషుడని తెలిసిన స్త్రీలే భ్రమపడిరని ప్రసిద్ధి. వారికి 1970 లో పద్మశ్రీ బిరుదు లభించినది. అయితే స్త్రీలకు ఈ విద్య నేర్పుటకు దారి తీసిన వారిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ముఖ్యులు. నేడు దేశదేశముల కూచిపూడి నాట్యము నేర్చువారిలో బాలికలే యధికము. ఒకప్పుడు ప్రేక్షకులుగా మాత్రమే కూర్చున్నవారి మనుమరాండ్రు నేడు గజ్జెలు కట్టుచున్నారు. అచ్చటి కళాపీఠమున పాఠము జరుగు వేళ విచారించి, అనుమతి గైకొని, పిల్లలకు చూపింపుడు.

సమీపముననే మొవ్వ. క్షేత్రయ్య పదములలో వినవచ్చు మువ్వగోపాలుని వేణుగోపాలస్వామి యాలయము ఇచ్చటనే యున్నది. అచ్చటికి కొంతదూరమున కృష్ణ యొడ్డున శ్రీకాకుళము. ఉత్తరాంధ్రమందలి శ్రీకాకుళము వేరు; ఇది ఆంధ్ర మహావిష్ణువు వెలసిన యూరు. ఈ స్వామి కలలో కనబడి తెలుగున కావ్యము వ్రాయుమని యానతిచ్చెనని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పుకొన్నాడు. మన భాషపై ఇంత ప్రేమ చూపిన దేవుని గుడిలో ఒక్క ఘడియ కూర్చుండక పోరాదు. ప్రక్కనే ఘంటసాలలో బౌద్ధస్తూపపు శిథిలములు గలవు. అది ప్రాచీనకాలమున రేవుపట్టణము.

నాలుగవ దినము బందరు, పెడన. 17 వ శతాబ్ది తొలినాళ్ళలోనే డచ్చివారు, ఆంగ్లేయులు బందరులో దిగుటకు మన అద్దకపు బట్టయే ముఖ్య కారణములలో నొకటి. నేడు ఆ పని పెడనలో ఎక్కువగ జరుగుచున్నది. బట్టను కరక్కాయ రసములోను పాలలోను ముంచి ఆరబెట్టుదురు. పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్ని దినములు ఊరవేసిన ద్రవముతో నలుపు, పటికతో ఎరుపునకు వలసిన తావులు, టేకు అచ్చులతో అద్దుదురు. పటిక అద్దిన చోటనే ఎరుపు పట్టునట్లు రంగుచెక్కలు వేసి కాచుదురు. నడుమ నడుమ బట్టను పారునీటిలో జాడింపవలెను. నిలువనీటిలో జాడించిన బట్టకు రంగు మరకలంటును. అందుచే కాలువలో నీరున్ననే పని సాగును. కాలువ కట్టిన వేసవిలో పనివారికి ఇబ్బంది.

యంత్రముపై అచ్చువేసిన బట్టను కలంకారీయని అమ్మువారును గలరు. చేతి అద్దకమును గుర్తించుట కష్టము కాదు. ఒక అచ్చునకు ప్రక్క అచ్చు వెంట్రుకవాసి తప్పియుండును. రంగు ఒకచోట చిక్కగను, ఒకచోట పలుచగను ఉండును. ఆ చిన్న తేడాను లోపమని త్రోసివేయకుడు. మనుష్యుని చేయి సోకినదనుటకు అదియే సాక్ష్యము. ధర హెచ్చైనను ఒక్క చీర కొనుడు, పదేండ్లు కట్టవచ్చును. తిరుగుదారిలో బందరు లడ్డును మరువకుడు.

అయిదవ దినము దివిసీమ. అవనిగడ్డ మీదుగా హంసలదీవికి పోయిన, కృష్ణ సముద్రమున కలియు తావు వచ్చును. వేణుగోపాలస్వామిని సేవించి, సాగరతీరమునకు పోవలెను. మాఘపూర్ణిమనాడు ఇచ్చట స్నానములకు వేలాదిగ జనులు వత్తురు. ఇంత ప్రశాంతమైన తీరమునకు 1977 నవంబరు 19 న తుపానుతో కూడిన ఉప్పెన వచ్చినది. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు 10,000 మంది. తాటిచెట్ల తలలు పట్టుకొని బ్రదికినవారు నేటికిని ఆ రాత్రిని తలచుకొందురు. ఆ తీరమందలి మడ అడవులు అలల వేగమును తగ్గించును. చేపలను వేటాడు బావురుపిల్లికి అవియే నెలవు. చలికాలమున సముద్రపు తాబేళ్ళు ఇసుకలో గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. రాత్రివేళ దీపములతో తీరమున తిరుగుట వాటికి హాని. లోతు తెలియని సంగమమున పిల్లలను దింపకుడు.

ఇక ప్రయాణమునకు తగిన కాలము కార్తికమునుండి మాఘము వరకు. ఎండ తీక్ష్ణత యుండదు, పంట చేతికి వచ్చు కాలము, తేగలు దొరకును. పనివారి యింటికి పోయినపుడు ఫొటో తీయుటకు ముందు అడుగుడు; ముఖ్యముగ స్త్రీలను. గుడులలోను, పల్లెలలోను ఆయా యూరి మర్యాదకు తగినట్లు మెలగుడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. డెల్టాలోని పల్లెలలో పెక్కింటికి త్రాగునీరు కాలువనుండియే చెరువులకు పెట్టబడును. విజయవాడలో మనము వంతెనమీదనుండి విసరిన యెంగిలి విస్తరి, ప్లాస్టిక్ సంచి, సీసా క్రిందికి కొట్టుకొనిపోవును. పెడనలో బట్ట జాడించు నీరును అదియే. దివిసీమలో ఇల్లాలు కడవతో ముంచుకొను నీరును అదియే. మన యింటి బిందెలో ఉమ్మివేయువారిని క్షమింపము గదా! యాత్రికురాలు తన సంచిలో ఒక ఖాళీ సంచి నుంచుకొని, ఐదు దినముల చెత్తను దానిలోనే వేసికొని తెచ్చినయెడల, ఆ సీమ ఇల్లాండ్రకు ఆమె చేయు మేలు చిన్నది కాదు.

అన్నము వడ్డించు మనకు ఆ బియ్యము ఏ నీట పండినదో తెలియుట మంచిది. రాబోవు సంక్రాంతి సెలవులలో బంధువుల యిండ్లకు పోవు దారిలోనైనను రెండు దినములు ఈ కాలువలకై తీసియుంచుడు. బొమ్మలకొలువున క్రొత్త బొమ్మ నిలుపునపుడు, అది చేసిన చేతులను, అవి పనిచేయు వీథిని పిల్లలే పేరంటాండ్రకు వివరించి చెప్పుదురు.