ఊరిని మోసుకెళ్లే ఫైలు

1989 ఆగస్టులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థి జేమ్స్ ఆస్ప్‌నెస్ టైనీమడ్ అనే ఆటను యూనిక్స్ కంప్యూటరు మీద నడపడం మొదలుపెట్టాడు. అందులో బొమ్మ లేదు, చప్పుడు లేదు. ఉన్నదంతా అక్షరాలే. ఎక్కడో తన గదిలో కూర్చున్న ఆటగాడు టెల్నెట్‌తో లోపలికి వస్తే, తాను నిలబడ్డ చోటు ఎలా ఉందో నాలుగు వాక్యాల్లో తెరమీద కనిపిస్తుంది. ఉత్తరం అని టైపు చేస్తే ఉత్తరాన ఉన్న గది వర్ణన వస్తుంది. అక్కడే ఇంకెవరైనా ఉంటే పలకరించవచ్చు. ఇలాంటి ఆటలు అంతకుముందూ ఉన్నాయి. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ పెంచిన మడ్ వాటికి మొదలు. ఆస్ప్‌నెస్ చేసిన కొత్త పని, గదులు కట్టే హక్కును వచ్చినవాళ్లందరికీ ఇచ్చేయడం. జనం రాత్రింబవళ్లు కూర్చుని ఇళ్లూ వీధులూ అడవులూ కట్టారు.

1990 ఏప్రిల్ నెలాఖరుకు ఆ ఆట మూతపడింది. గదులు మాత్రం పోలేదు. ఏటా ఆగస్టులో ఒక రోజు ఆ పాత ప్రపంచాన్ని కొత్త యంత్రం మీద తెరిచే ఆనవాయితీ ఏర్పడింది. దానికి బ్రిగడూన్ డే అని పేరు. ఎప్పుడో కుర్రతనంలో కట్టిన గదిలోకి నెరిసిన జుట్టుతో మళ్లీ అడుగుపెట్టగలిగారంటే, అందుకు కారణం ఒక ఫైలు. ఆట నడిపిన ప్రోగ్రాంకు పేరు వచ్చింది గానీ, ఈ కథలో అసలు గౌరవం దక్కాల్సింది ఆ ఫైలుకే.

అది ఎలా ఉంటుందో తెలియాలంటే దొరవారిసత్రాన్నే ఆటగా కట్టినట్టు అనుకుందాం. చెన్నై–గూడూరు రైలుమార్గం మీద, ఉత్తరాన నాయుడుపేటకూ దక్షిణాన సూళ్లూరుపేటకూ నడుమ ఉన్న మండల కేంద్రమిది. 1976లో ఏర్పడిన నేలపట్టు పక్షుల అభయారణ్యం ఈ మండలంలోనే ఉంది. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఆటలో రైల్వే స్టేషను 12వ వస్తువు, బజారు 13, నేలపట్టు చెరువుగట్టు 14, గట్టు మీద ఎవరో మరచిపోయిన బైనాక్యులర్ 15 అనుకుందాం. ఫైలులో ప్రతి వస్తువుకూ ఒక రికార్డు ఉంటుంది. మొదట దాని అంకె, తర్వాత పేరు, వర్ణన, అది ఎక్కడ ఉంది, దానిలో మొదటి వస్తువు ఏది, దాని పక్కది ఏది, యజమాని ఎవరు అన్న వివరాలు వరుసకొకటి చొప్పున వస్తాయి. వస్తువులు ఒకదాన్నొకటి పేరుతో కాక అంకెతో పిలుచుకుంటాయి. 'ఏదీ లేదు' అనడానికి మైనస్ ఒకటి రాస్తారు. అన్నీ అయ్యాక, డంపు ముగిసిందని నక్షత్రాల మధ్య ఇంగ్లీషులో ఒక వరుస ఉంటుంది. టైనీమడ్ ఫైలు అంతే. మామూలు ఎడిటర్‌లో తెరిచి చదువుకోవచ్చు.

అంకెతో పిలుచుకోవడంలో ఎంత సుఖం ఉందో ఈ మండలమే చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో దొరవారిసత్రం నెల్లూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. మండలాన్ని జిల్లాలో ఉన్న ఒక వస్తువుగా రాసి ఉంటే, దాని 'ఎక్కడ ఉంది' అన్న చోట ఒక అంకె, రెండు జిల్లాల జాబితాల్లో కొన్ని అంకెలు మారితే చాలు. స్టేషను, బజారు, చెరువుగట్టు రికార్డుల్లో అక్షరం కదలదు. అయితే కొత్త యంత్రానికి తరలించేవాడు ఖాళీలు పూడ్చుదామని ఆ అంకెలను తిరిగి వేశాడా, ఊళ్లోని ప్రతి దారీ తప్పుడు గుమ్మానికి చేరుతుంది. అందుకే చెరిపేసిన వస్తువుల అంకెలను కూడా చెత్త అన్న పేరుతో అలాగే ఉంచి తీసుకెళతారు.

టైనీమడ్ ఫైలు మొత్తాన్నీ మెమరీలోకి ఎక్కించుకుని నడిచేది. ప్రపంచాలు పెరిగేకొద్దీ అంత మెమరీ ఎక్కడా లేకపోయింది. 1990లో లారీ ఫోర్డ్ రాసిన టైనీమష్ సంతతి ఆటలు క్రమంగా వర్ణనలను డిస్కు మీదే ఉంచి, కావాల్సినప్పుడు జీడీబీఎం అనే భద్రపరిచే పద్ధతితో తెచ్చుకోవడం నేర్చాయి. మెమరీ మిగిలింది. కానీ డేటా తాను పుట్టిన యంత్రానికి అతుక్కుపోయింది. అంకెను మనిషి చదివే రూపంలో కాకుండా, ప్రాసెసర్ తన లోపల ఉంచుకునే నాలుగు బైట్ల రూపంలోనే డిస్కు మీద దింపేయడం దీనికి మూలం. ఇంటెల్ చిప్పులూ పాత వ్యాక్స్ యంత్రాలూ చిన్న విలువ బైటును ముందు పెడతాయి. సన్ కంపెనీ స్పార్క్ యంత్రాలు పెద్దదాన్ని ముందు పెడతాయి. ఇంటెల్ మీద రాసిన 12ను స్పార్క్ చదివితే అది 20,13,26,592 అవుతుంది. స్టేషనుకు పోవాల్సిన ప్రోగ్రాం ఇరవై కోట్ల పైచిలుకు అంకె గల గదిని వెతుక్కుంటూ కూలిపోతుంది. చిప్పు ఒకటే అయినా చిక్కు తీరదు. సీ భాషలో 'లాంగ్' అని ప్రకటించిన అంకెకు 64 బిట్ల లినక్స్ ఎనిమిది బైట్లు ఇస్తుంది, 64 బిట్ల విండోస్ నాలుగే ఇస్తుంది.

గూడూరు జంక్షనులో ఒకప్పటి సంగతి ఈ ప్రాంతపు పెద్దలకు తెలుసు. చెన్నై నుంచి వచ్చే లైను బ్రాడ్‌గేజి, రేణిగుంట వైపు పోయేది మీటర్‌గేజి. వ్యాగన్ అటు దొర్లదు. సరుకు దించి, ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించాల్సిందే. డేటాబేస్ తరలింపులో జరిగేదీ అదే.

దించిన సరుకును ఫ్లాట్‌ఫైల్ అంటారు. టైనీమష్, దాని సంతతిలోని టైనీమక్స్ ఆటలతో డీబీకన్వర్ట్ అనే చిన్న పనిముట్టు వస్తుంది. ఆటను ఆపి, ఆ పనిముట్టుతో డిస్కులోని బైట్ల ముద్దను మళ్లీ చదవదగ్గ వరుసలుగా విప్పుతారు. అప్పుడు 12 అన్నది 'ఒకటి', 'రెండు' అనే రెండు అక్షరాలే. ఏ చిప్పు మీదైనా దాని విలువ మారదు. ఆ ఫైలును కొత్త యంత్రానికి కాపీ చేసి, అక్కడి పనిముట్టుతో అక్కడి రూపంలోకి కట్టుకుంటారు. విప్పేది పాత యంత్రం మీద, కట్టేది కొత్త యంత్రం మీద. ఈ వరుస తప్పి, బైట్ల ముద్దనే కాపీ చేసుకుని పాత యంత్రాన్ని అమ్మేసినవాళ్ల ప్రపంచాలు చాలావరకు అక్కడితో ఆగిపోయాయి.

అక్షరాల ఫైలుకూ గండాలున్నాయి. యూనిక్స్ ప్రతి వరుస చివరా 10వ సంకేతం ఒక్కటే పెడుతుంది. డాస్, విండోస్ 13ను, 10ని కలిపి పెడతాయి. పాత మాకింటాష్ 13తో సరిపెట్టుకునేది. ఎఫ్‌టీపీతో పంపేటప్పుడు తప్పు పద్ధతి ఎంచుకుంటే గది పేరు చివర కనబడని 13 అంటుకుంటుంది. ఆటగాడు అదే పేరు టైపు చేసినా ప్రోగ్రాం పోల్చుకోదు. ఇంతకన్నా మోసకారి 26వ సంకేతం. డాస్ కాలం నుంచి వచ్చిన ఆచారం ప్రకారం విండోస్‌లో టెక్స్ట్ పద్ధతిలో తెరిచిన ఫైలు చదువుతుండగా 26 ఎదురైతే, ఫైలు అక్కడితో అయిపోయిందనుకుంటుంది. వర్ణనలో ఎక్కడో అలాంటి బైటు ఒకటి దూరితే, ఆ తర్వాతి గదులన్నీ ఏ హెచ్చరికా లేకుండా మాయమవుతాయి. చివర్లో ఉండే ఆ నక్షత్రాల వరుస విలువ అప్పుడు తెలుస్తుంది. అది కనబడలేదంటే ప్రపంచం సగంలో తెగిందని అర్థం.

గదులన్నీ క్షేమంగా దిగాక కూడా ఎవరూ లోపలికి రాలేని పరిస్థితి ఒకటుంది. పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచకుండా యూనిక్స్‌లోని క్రిప్ట్ అనే సౌకర్యంతో గుర్తుపట్టలేని ముద్దగా మార్చి దాచడం అలవాటు. విండోస్‌తో పాటు ఆ సౌకర్యం రాదు. ముద్ద ఉంటుంది, పోల్చి చూసే తూకం ఉండదు. టైనీమష్ సంతతిలోనిదే అయిన పెన్‌మష్ రచయితలు దీన్ని తప్పించడానికి సొంత పద్ధతి పెట్టుకున్నారు. అందులోనూ బైట్ల వరుస యంత్రాన్ని బట్టి మారడంతో, ఆ వరుసను తిరగేసి చూడమని చెప్పే అమరిక ఒకటి చేర్చాల్సి వచ్చింది.

అక్షరాల ఆటలు చేసిన ఇన్ఫోకామ్ కంపెనీ తరలింపుకు వేరే దారి పట్టింది. 1979లో జోయెల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ ఎక్కడా లేని ఒక ఊహాయంత్రాన్ని రూపొందించారు. ఆట దానికోసమే రాస్తారు. యాపిల్ టూ, కమొడోర్ 64, ఐబీఎం పీసీ, ఏదైనా సరే, ఆ ఊహాయంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం ఉంటే చాలు, కథ ఫైలును మార్చకుండా నడిపేస్తుంది. పూర్తయిన కథకు ఇది చక్కని ఏర్పాటు. రోజూ వందమంది కట్టి కూల్చే ఊరికి మాత్రం విప్పి కట్టుకోవడమే నప్పింది.

తెలుగువాళ్లకు ఇదే తరలింపు సమస్య ఆట లేకుండానే ఎదురైంది. 1990ల తొలి సంవత్సరాల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తెలుగువాళ్లు ఒకరికొకరు రాసుకోవడానికి యూనిక్స్, డాస్, మాకింటాష్ అన్నిటి మీదా కనబడే తెలుగు లేదు. భారత ప్రమాణమైన ఇస్కీ 1991లో వచ్చినా ఆ యంత్రాలు దాన్ని ఎరగవు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి తెలుగును మామూలు రోమన్ అక్షరాల్లో, తిరిగి తెలుగులోకి తేగలిగేంత కచ్చితంగా రాసింది. సరిగ్గా ఫ్లాట్‌ఫైల్ ఆలోచనే ఇది: దారిలో ఎవరూ పాడుచేయలేని అక్షరాల్లోకి విప్పి, చేరినచోట కట్టుకోవడం. తర్వాత వచ్చిన లేఖిని లాంటి పనిముట్లు అదే తీరు టైపింగును యూనికోడ్ తెలుగులోకి మార్చాయి.

దొరవారిసత్రం ఆర్‌టీఎస్‌లో 14 రోమన్ అక్షరాలు. వాటిలో రెండు పెద్దబడి అక్షరాలు: ఒకటి దీర్ఘానికి, ఇంకొకటి సున్నకు. అన్నిటినీ చిన్నబడిగా మార్చేసే ప్రోగ్రాం దారిలో తగిలితే ఊరు 'దొరవరిసత్రమ్' అయిపోతుంది. టైనీమడ్ అలా మార్చదు. కానీ వచ్చిన ప్రతి బైటూ ఆస్కీలో ఉన్నదా, ముద్రించదగ్గదా అని చూసి, కాకపోతే పారేస్తుంది. యూనికోడ్ తెలుగును యూటీఎఫ్-8లో పంపితే ప్రతి బైటూ 127 దాటినదే కాబట్టి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ కాలపు ఆటలో తెలుగు ఊరు నిలవాలంటే ఆర్‌టీఎస్ లాంటి రోమన్ వేషమే దారి.

ఇప్పుడు టైనీమక్స్ లాంటివి యూనికోడ్‌కు మారాయి. దాంతో కొలతలూ మారాయి. చదివేవాడికి ఆరు అక్షరాలైన దొరవారిసత్రం, గుణింతాలూ వత్తూ విడదీస్తే 12 సంకేతాలు, యూటీఎఫ్-8లో 36 బైట్లు. వర్ణనకు సుమారు 8,000 బైట్ల హద్దు పెట్టిన సర్వర్‌లో తెలుగు వాక్యాలు ఇంగ్లీషు కన్నా చాలా ముందే అయిపోతాయి. హద్దు దగ్గర బైట్లు లెక్కపెట్టి కోస్తే అక్షరం నడుమ తెగుతుంది. సంకేతాలు లెక్కపెట్టి కోసినా 'త్ర'లో వత్తు ఊడి పొల్లు మిగలవచ్చు.

ఫ్లాట్‌ఫైల్ మొదటి వరుసలోనే తన వెర్షన్ అంకె ఉంటుంది. తర్వాతి బైట్లను ఎలా చదవాలో కొత్త ప్రోగ్రాంకు దానివల్లే తెలుస్తుంది. యూనికోడ్‌కు ముందు సొంత ఫాంట్లతో కొట్టిన తెలుగు ఫైళ్లలో అలాంటి వరుస లేదు. ఒకే బైటు ఒక ఫాంటులో ఒక అక్షరం, ఇంకో ఫాంటులో వేరే వత్తు. ఏ ఫాంటో తెలిస్తే పద్మ లాంటి మార్పిడి పనిముట్లు వాటిని యూనికోడ్‌లోకి తెస్తాయి. తెలియకపోతే ఒక్కో ఫాంటు పట్టికనూ పెట్టి, అర్థమయ్యే మాట వచ్చేదాకా చూసుకోవడం తప్ప వేరే మార్గం లేదు.