చికిత్సకు ముందున్న కొద్ది రోజులు: సంతానశక్తిని కాపాడుకునే దారులు

ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. ఆ తర్వాత కొత్తవి తయారు కావు. రజస్వల అయ్యేసరికి అవి మూడు నాలుగు లక్షలకు పడిపోతాయి. జీవితం మొత్తంలో నెలనెలా విడుదలయ్యేవి 400 నుంచి 500 మాత్రమే. మిగిలినవన్నీ లోపల్లోపలే నశిస్తాయి. 35 ఏళ్లు దాటాక ఈ తరుగు వేగం అందుకుంటుంది, ఉన్న అండాల్లో క్రోమోజోముల లోపాలూ పెరుగుతాయి. ఇది ప్రతి స్త్రీకీ ఉన్నదే. కొందరికి మాత్రం ఒక ఆపరేషన్ వల్లనో, క్యాన్సర్ మందుల వల్లనో, ఏదైనా జబ్బు వల్లనో పాతికేళ్లకే ఆ నిల్వ అడుగంటుతుంది. అలాంటివారికి మాతృత్వపు అవకాశం మిగిల్చే పద్ధతులనే సంతానశక్తి పరిరక్షణ అంటారు.

అండాలు దాచుకోవడం అనగానే మహానగరాల్లో ఉద్యోగం కోసం పెళ్లి వాయిదా వేసుకున్న యువతులు గుర్తుకొస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చాలామందికి పెళ్లి తొందరగానే అవుతుంది. ఇక్కడ అండాశయాలకు ముప్పు వేరే వైపుల నుంచి వస్తుంది. వాటిలో మొదట చెప్పుకోవాల్సింది గర్భసంచి ఆపరేషన్.

2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, కడుపునొప్పి, పైగా ‘క్యాన్సర్ అవుతుందేమో’ అన్న భయం కలిసి చాలామందిని ఆపరేషన్ బల్ల ఎక్కించాయి. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగిన శరీరం అవుతుంది. అండాశయాలను ఉంచినా, వాటికి అందే రక్తం తగ్గి కొన్నేళ్లు ముందుగానే పనిచేయడం మానేయవచ్చు. అవసరం లేని ఈ ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది. గర్భసంచిలో గడ్డలున్నా, పిల్లలు కావాలనుకునేవారికి గర్భసంచిని ఉంచి వాటిని మాత్రమే తీయవచ్చు. ఈ ప్రాంతంలో సంతానశక్తిని కాపాడటం ఖరీదైన యంత్రాలతో మొదలు కానక్కర్లేదు. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు రెండో డాక్టరు మాట వినడంతో మొదలవుతుంది.

అండాశయంలో పాత రక్తం చేరి ఏర్పడే చాక్లెట్ సిస్టుల ఆపరేషన్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. సిస్టు గోడను ఒలిచేటప్పుడు దానికి అంటుకున్న మంచి కణజాలం కూడా కొంత పోతుంది. రెండు వైపులా సిస్టులున్నా, రెండోసారి కోయాల్సి వచ్చినా నష్టం ఎక్కువ. అందుకే కత్తి పట్టకముందే ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష, అండాశయంలోని చిన్న బుడగలను లెక్కించే స్కానింగ్ చేయించాలి. నిల్వ ఎంత మిగిలిందో ఈ రెండూ చెబుతాయి. అండాల నాణ్యతను మాత్రం చెప్పలేవు. ఏఎంహెచ్ తక్కువ వచ్చినంత మాత్రాన సహజంగా గర్భం రాదని అనుకోకూడదు.

క్యాన్సర్ చికిత్స దెబ్బ ఇంకా సూటిగా ఉంటుంది. సైక్లోఫాస్ఫమైడ్ వంటి కీమో మందులు క్యాన్సర్ కణాలతో పాటు అండాలనూ చంపుతాయి. లూపస్ వంటి జబ్బుల్లోనూ ఇదే మందు వాడతారు. పొత్తికడుపుకు ఇచ్చే రేడియేషన్ అండాశయాలనూ గర్భసంచినీ రెండింటినీ దెబ్బతీస్తుంది. ఎంత నష్టం జరుగుతుందన్నది మందు మోతాదు మీద, వయసు మీద ఆధారపడుతుంది. కరీంనగర్ వైపు నుంచి చాలామంది హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తారు, ఆదిలాబాద్ వాళ్లలో కొందరు దగ్గరని నాగ్‌పూర్ పోతారు. బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజుకీ మొదటి కీమో రోజుకీ మధ్య దొరికేది సాధారణంగా రెండు మూడు వారాలే. ఇంటిల్లిపాదీ ప్రాణభయంలో ఉన్న ఆ సమయంలో ‘పిల్లలు పుడతారా’ అని అడగడానికి నోరు రాదు. పెళ్లికాని పిల్లయితే ఆ మాట ఎత్తడమే తప్పన్నట్టు చూస్తారు. రోగి అడగకపోయినా డాక్టరే ఎత్తాల్సిన ప్రశ్న ఇది. డాక్టరు మరిచిపోతే వెంట వచ్చిన అక్కో అమ్మో అడగాలి.

ఆ రెండు మూడు వారాలు అండాలు తీయడానికి సరిపోతాయి. పూర్వం నెలసరి వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది, ఇప్పుడు ఏ రోజునైనా సూదిమందులు మొదలుపెడుతున్నారు. పది పన్నెండు రోజులు రోజూ ఇంజెక్షన్, రెండు మూడు రోజులకోసారి స్కానింగ్. హార్మోన్‌కు స్పందించే రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఈస్ట్రోజెన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్ర కూడా కలుపుతారు. అండాలు ఎదిగాక ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చి, సుమారు 36 గంటలకు మత్తులో, స్కానింగ్‌లో చూస్తూ యోని మార్గం నుంచి సన్నని సూదితో వాటిని బయటికి తీస్తారు.

అసలు నేర్పు ఆ తర్వాత ల్యాబులో ఉంటుంది. అండం శరీరంలోకెల్లా పెద్ద కణం, నిండా నీరు. మెల్లగా చల్లబరిస్తే ఆ నీరు మంచు స్ఫటికాలై లోపలి నిర్మాణాన్ని చీల్చేస్తుంది. అందుకే ముందుగా ప్రత్యేక ద్రావణాల్లో ఉంచి కణంలోని నీటిని తగ్గిస్తారు. సన్నని ప్లాస్టిక్ పట్టీ కొసన, కంటికి ఆనీ ఆనని చుక్కలో అండాన్ని పెట్టి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచేస్తారు. మంచు కట్టే వ్యవధి కూడా లేకుండా అది క్షణాల్లో గాజులా బిగుసుకుపోతుంది. విట్రిఫికేషన్ అనే ఈ పద్ధతి వచ్చాకే అండాల నిల్వ నమ్మకమైన చికిత్స అయింది. గడ్డకట్టించిన అండం నుంచి తొలి శిశువు 1986లోనే పుట్టినా, అమెరికా సంతాన వైద్యుల సంఘం దీన్ని ప్రయోగాల జాబితా నుంచి తొలగించింది 2012లో. 35 ఏళ్లలోపు స్త్రీకి పది పదిహేను పక్వమైన అండాలు దొరికితే ఆశ పెట్టుకోవచ్చు. హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

పెళ్లయినవారు అండాన్ని భర్త వీర్యకణంతో కలిపి పిండంగా దాచుకోవచ్చు. ఈ దారిలో భారతీయుల పాత్ర గట్టిది. 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా పుట్టిన పాప, గడ్డకట్టించి దాచిన పిండం నుంచే పుట్టిందని ఆయన ప్రకటించారు. ఆయన బతికుండగా ఆ ఘనతకు గుర్తింపు దక్కకపోవడం మన వైద్యచరిత్రలో తీరని బాధ. దాచిన పిండం మీద భార్యాభర్తలిద్దరికీ హక్కుంటుంది, ఇద్దరి ఒప్పుదలా కావాలి. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచకూడదు. స్త్రీకి 21 నుంచి 50 ఏళ్ల మధ్య ఈ సేవలు అందుతాయి, ఒంటరి మహిళకూ హక్కుంది. అండాలు తీసే కేంద్రం ఆ చట్టం కింద రెండో స్థాయి క్లినిక్‌గా నమోదై ఉండాలి. మొదటి స్థాయి క్లినిక్కులకు ఆ అనుమతి లేదు.

రజస్వల కాని చిన్నపిల్లలకు సూదిమందులు పనికిరావు. వాళ్లకున్నది అండాశయ కణజాలాన్ని దాచడమే. చిన్న రంధ్రాల ద్వారా ఒక అండాశయాన్నో, దానిలో కొంత భాగాన్నో తీసి, అండాలుండే పై పొరను సుమారు మిల్లీమీటరు మందం ముక్కలుగా కోసి గడ్డకట్టిస్తారు. జబ్బు నయమయ్యాక తిరిగి అమరుస్తారు. ఈ పద్ధతిలో తొలి శిశువు 2004లో బెల్జియంలో పుట్టింది. రక్త క్యాన్సర్ ఉన్నవారిలో ఆ ముక్కల్లో జబ్బు కణాలు దాగి ఉండే ప్రమాదం ఉంది కనుక తిరిగి అమర్చేందుకు డాక్టర్లు వెనుకాడతారు.

ఆదిలాబాద్‌కు ఈ పద్ధతితో దగ్గరి సంబంధమే ఉంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వైపు గోండు, కోలాం కుటుంబాల్లో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్యమైన సికిల్ సెల్ జబ్బు ఉంది. దాన్ని పూర్తిగా నయం చేయగల చికిత్సల్లో ఎక్కువకాలంగా వాడుకలో ఉన్నది మూలకణాల మార్పిడి. దానికి ముందు ఇచ్చే తీవ్రమైన కీమో అండాశయాలను దాదాపు మాడ్చేస్తుంది. బెల్జియంలో సికిల్ సెల్ ఉన్న ఒక అమ్మాయికి రజస్వల కాకముందే, 14 ఏళ్లు నిండే ముందు అండాశయ కణజాలాన్ని దాచారు. పెద్దయ్యాక దాన్ని తిరిగి అమర్చితే 2014లో ఆమె తల్లయింది. సికిల్ సెల్ నిర్మూలన కోసం 2023లో జాతీయ మిషన్ మొదలై, గిరిజన గూడేల్లో పరీక్షలు జరుగుతున్నాయి. ఎవరైనా తమ కూతురికి మార్పిడి చేయించే దశకు వస్తే ఈ సంగతి ఆ తల్లిదండ్రులకు వారి భాషలో చెప్పి తీరాలి. సికిల్ సెల్ ఉన్న యువతికి అండాల కోసం హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, కాబట్టి రక్తవ్యాధుల నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి.

ల్యాబు అవసరం లేని పద్ధతులూ ఉన్నాయి. పొత్తికడుపు రేడియేషన్‌కు ముందు అండాశయాలను పైకి జరిపి, కిరణాలు పడని చోట కుట్టేయవచ్చు. తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ముఖద్వారాన్ని మాత్రమే తీసి గర్భసంచిని ఉంచే ఆపరేషన్ ఉంది. కీమో మొదలయ్యే వారం ముందు నుంచి నెలకోసారి గోసెరెలిన్ ఇంజెక్షన్ ఇస్తే అండాశయాలు నిద్రాణంగా ఉండి కొంత రక్షణ పొందుతాయని రొమ్ము క్యాన్సర్ రోగుల మీద జరిగిన పరిశోధనలో తేలింది. ఇది అండాల నిల్వకు తోడుగా ఇచ్చేదే.

దూరం, డబ్బు ఈ పద్ధతులన్నిటికీ అడ్డుగోడలు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. రెండు మూడు రోజులకోసారి స్కానింగ్ అంటే పట్నంలో గది తీసుకుని ఉండాల్సిందే. ఖర్చు లక్షల్లోకి పోతుంది, ఏటా నిల్వ అద్దె వేరు. 2023లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం మొదలవడం మంచి పరిణామం, అలాంటిది కరీంనగర్‌కూ రావాలి.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో సంతానం ఆలస్యం కావడానికి మరో కారణం గల్ఫ్ బతుకుదెరువు. భర్త రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి వెళ్తుంటే ముప్ఫైలు ఇట్టే గడిచిపోతాయి. అలాంటి జంట భర్త ప్రయాణానికి ముందే ఇద్దరి పరీక్షలూ చేయించుకోవడం మేలు. అవసరమైతే భర్త వీర్యాన్ని దాచుకోవచ్చు; అది అండాల నిల్వ కంటే చాలా సులువు, చవక.

క్యాన్సర్ చికిత్స ముగిశాక నెలసరి తిరిగి వచ్చినా అండాల నిల్వ మునుపటిలా ఉందని కాదు. ఏఎంహెచ్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. గర్భానికి ఎంతకాలం ఆగాలో క్యాన్సర్ డాక్టరే చెప్పాలి, చాలామందికి సుమారు రెండేళ్లు ఆగమంటారు. సహజంగా గర్భం వస్తే దాచినవాటి అవసరమే ఉండదు. రాకపోతే అండాన్ని కరిగించి, ఫలదీకరించి, పిండాన్ని గర్భసంచిలో ప్రవేశపెడతారు. ముందుగా ఏదీ దాచుకోలేకపోయినవారికి దాత అండం, చట్టబద్ధమైన దత్తత ఉన్నాయి.