కరిగిన డాలర్లు - మిగిలిన రూపాయలు

నాణెం ఎంత పాతదైతే అంత విలువ అని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే చెరువుగట్టు మీది గులకరాళ్ళన్నీ రత్నాలు కావలసిందే! ఎన్ని నాణేలు అచ్చయినాయి, వాటిలో ఎన్ని కంసాలి మూసలో పడకుండా బయటపడ్డాయి అన్నదే అసలు లెక్క.

నా దగ్గర అమెరికా వెండి డాలర్లు నాలుగున్నాయి. అక్కడ స్థిరపడిన పూర్వ విద్యార్థులు తెచ్చి ఇచ్చినవి. ఒక్కొక్కటి 26.73 గ్రాముల బరువు. నూటికి తొంభై పాళ్ళు వెండి. ఈ డాలర్లకూ మన రూపాయలకూ ఒక చిత్రమైన చుట్టరికం ఉంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషువారు మన దేశంలో సరుకులు విపరీతంగా కొన్నారు. జనానికి కాగితం మీద నమ్మకం చాలలేదు. 1917లో రూపాయి నోటు వచ్చినా, నోటు పట్టుకెళ్ళి వెండి అడిగేవారే ఎక్కువ. ఖజానాలో వెండి అడుగంటింది. అప్పుడు అమెరికా 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను 27 కోట్లకు పైగా కరిగించింది. ఆ వెండిలో అత్యధిక భాగం బ్రిటన్ కొని మన దేశానికి పంపగా, ఇక్కడి టంకశాలల్లో అది రూపాయలైంది. ఒక డాలరు వెండితో సుమారు రెండుంబావు రూపాయలు వస్తాయి. ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని కరిగాయో అమెరికావాళ్ళు లెక్క రాసుకోలేదు. అందుచేత అచ్చు లెక్కల్లో లక్షలుగా కనిపించే డాలరు సైతం నేడు దొరకడం గగనం కావచ్చు.

ఇక ఆ రూపాయల వేటకు మా వికారాబాదు, తాండూరు ప్రాంతం మంచి చోటు. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు నిజాం రైలుమార్గం పడింది. ఈ రెండు ఊళ్ళూ ఆ దారిలోనివే. రైలుతోపాటు రెండు రకాల డబ్బూ ఇటు వచ్చింది. నిజాం నాణెం హాలీ. బ్రిటిషు రూపాయి కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు మారకం. ఇదేదో సర్కారు వేసిన కాకిలెక్క అనుకునేరు! హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్ళు. కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 పాళ్ళు. గుణించి చూడండి: అటు ఏడింటిలోనూ ఇటు ఆరింటిలోనూ ఉన్న వెండి సుమారు 64 గ్రాములే.

హాలీ రూపాయి మీద చార్మినారు బొమ్మ ఉంటుంది. దాని గుమ్మంలో మహబూబ్ అలీఖాన్ కాలంలో ‘మీమ్’ అక్షరం, 1911 తరువాత ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ‘ఐన్’ అక్షరం కనిపిస్తాయి. ఆ ఒక్క అక్షరంతో ఏలిక ఎవరో తెలిసిపోతుంది.

1911 నాటి కల్దారు కథ మరీ వింత. అయిదవ జార్జి అంగీ మీది హారంలో చిన్న ఏనుగు ఉంది. తొండం పొట్టిగా ఉండటంతో అది పందిలా ఉందని గోల లేచింది. అచ్చయిన సుమారు 94 లక్షల్లో 7 లక్షలదాకా మాత్రమే బయటికి వెళ్ళాయి. తక్కినవి కరిగించి, 1912లో తొండం స్పష్టంగా ఉండేట్టు బొమ్మ మార్చారు.

నిరుడు తాండూరులో ఒక ఇంటివారు మనుమరాలి కాలేజీ ఫీజు కోసం ఇరవై మూడు వెండి రూపాయలు బయటికి తీశారు. అవుసలాయన తక్కెడ సిద్ధం చేశాడు. ఆ ఇంటి కుర్రవాడు మా విద్యార్థి. ఒకసారి చూడమని నన్ను పిలిచాడు. అన్నీ తిరగేస్తే ఒకదాని మీద 1911 అని ఉంది. వెండి ధరకు నేనే కొనేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కాని సరుకు విలువ తెలిసినవాడు, తెలియనివారి దగ్గర దాన్ని తూకానికి కొనడం సేకరణ కాదు. దానికి వేరే పేరుంది. సంగతి చెప్పి, హైదరాబాదులో ఇద్దరు ముగ్గురికి చూపించి బేరమాడుకొమ్మన్నాను. ఆ ఇంటి ముసలమ్మ నాణేన్ని వెలుతురులో తిప్పి చూసి, “ఇది ఏనుగే గద సారూ! పందంటరేంది?” అని నవ్వింది. అవుసలాయన కూడా నవ్వి, ఆ ఒక్కటి తక్కెడలోంచి తీసి ఇచ్చాడు. మిగతా ఇరవై రెండూ తూకానికే వెళ్ళాయి. ఫీజు కట్టాలి కదా!

అమ్మవద్దని చెప్పడానికి మనమెవరం? అవసరం అందరికీ వస్తుంది. మూసలో వేసేముందు ఒక్కసారి సంవత్సరం చూడండి. 1911, 1939 కల్దార్లు కనిపిస్తే పక్కన పెట్టండి. వాటికి నకిలీలూ ఉన్నాయి గనుక తెలిసినవారికి చూపించండి. చింతపండుతో, బూడిదతో తోమకండి. మెరుపు వస్తుంది గాని విలువ పోతుంది. అంచులు పట్టుకొని చూసి, పొడి కాగితంలో చుట్టి దాచండి. పొలం దున్నేటప్పుడు పాత నాణేల బిందె దొరికితే మాత్రం 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

కరిగినదాన్ని ఏ టంకశాలా తిరిగి 1911 నాటిదిగా చేయలేదు. మీ ఇంట్లో పసుపు గుడ్డ మూట ఉంటే ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టుకొని విప్పండి. సంవత్సరాలు వాళ్ళచేతనే చదివించండి.