మీకు తెలుసా? ఐదు వాట్లతో ఖండాలు దాటే మోర్స్

హామ్ రేడియోలో 5 వాట్లకు మించని శక్తితో మోర్స్ కోడ్ పంపడాన్ని క్యూఆర్‌పీ అంటారు. చిన్న ఎల్‌ఈడీ బల్బుకు చాలేంత శక్తి అది! అయినా పైనున్న అయనోవరణం అనుకూలిస్తే ఆ సంకేతం వేల కిలోమీటర్లు పోతుంది.

ఎలాగంటే, మాటలకు సుమారు 2,400 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కు 150 చాలు. ఉన్న కాస్త శక్తీ సన్నని దారిలో సాగుతుంది కనుక రొదలోనూ చెవికి దొరుకుతుంది. పైగా శక్తిని 100 వాట్ల నుంచి 5కి, అంటే ఇరవయ్యో వంతుకు తగ్గించినా, అవతలి రిసీవర్‌లో సంకేత బలం చూపే మీటరులో తగ్గేది రెండు ఎస్-పాయింట్ల పైచిలుకే. ఎన్నిసార్లు లెక్కగట్టినా అబ్బురమే.

అమెరికా కంపెనీ ఎలెక్రాఫ్ట్ 2016లో తెచ్చిన కేఎక్స్2 రేడియో బరువు దాదాపు 370 గ్రాములు. దానికి బ్యాటరీ, చిన్న కీ, చెట్టుకొమ్మ మీదుగా విసిరిన పది మీటర్ల తీగ తోడైతే 14 మెగాహెర్ట్జ్‌లో స్టేషన్ సిద్ధం. 2002లో బ్రిటన్‌లో మొదలైన ‘సమిట్స్ ఆన్ ది ఎయిర్’ కార్యక్రమంలో చాలామంది ఇలాంటి సరంజామాతోనే కొండలెక్కుతారు. లైసెన్సుకు మోర్స్ తప్పనిసరన్న అంతర్జాతీయ నిబంధన 2003లోనే పోయినా, ఇష్టంతో నేర్చుకునేవారు ఇంకా ఉన్నారు. మన దేశంలో ప్రసారం చేయాలంటే మాత్రం ముందు హామ్ పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలి.