జానెడు లోతు చెరువులో ఇంధనం

మురుగును కుళ్ళబెట్టే బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. మోటార్లతో గాలి కొట్టి ఇవ్వాలంటే కరెంటు బిల్లు మోపెడవుతుంది. నీళ్ళలో నాచు పెరిగితే ఆ పని ఎండే చేసిపెడుతుంది. బాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడు నాచుకు ఆహారం, నాచు వదిలిన ఆక్సిజన్ బాక్టీరియాకు ఊపిరి. 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో విలియం ఆస్వాల్డ్ అనే ఇంజనీరు పట్టుకున్న కిటుకు ఇదే. దానికోసం ఆయన రూపుదిద్దిన ఏర్పాటు పేరు రేస్‌వే చెరువు.

చూడటానికి పరుగుపందెం ట్రాకులా ఉంటుంది. మధ్యలో ఒక అడ్డుగోడ, ఒక పక్కన తెడ్ల చక్రం. చక్రం మెల్లగా తిరుగుతుంటే నీళ్ళు గోడ చుట్టూ ప్రదక్షిణ చేస్తాయి. లోతు జానెడే, ఎందుకంటే నాచు చిక్కబడ్డాక వెలుతురు పైపొరను దాటి లోపలికి పోదు. నీళ్ళు కదులుతూ ఉంటే అడుగునున్న కణాలకు కూడా ఎండలోకి వచ్చే వంతు దొరుకుతుంది. అలాగని జోరుగా తిప్పితే నష్టమే: ప్రవాహ వేగం రెట్టింపైతే, కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లవుతుంది.

1960లో ఆస్వాల్డ్, ఆయన సహచరుడు గొల్యూక్ మరో అడుగు వేశారు. నాచును పులియబెట్టి మీథేన్ తీయాలి, దాన్ని మండించి కరెంటు పుట్టించాలి, వచ్చిన కార్బన్ డయాక్సైడును తిరిగి చెరువులోకే పంపాలి అన్నారు. చమురు సంక్షోభం తాకాక అమెరికా ప్రభుత్వం నాచు నుంచి ఇంధనం తీయడానికి 1978లో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. 1996 దాకా సుమారు రెండున్నర కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, సుమారు 3,000 రకాల నాచును సేకరించింది. న్యూమెక్సికోలోని రోజ్‌వెల్‌లో 1,000 చదరపు మీటర్ల చెరువులు తవ్వించింది. బాగా పండిన రోజున చదరపు మీటరుకు 50 గ్రాముల నాచు వచ్చింది. కానీ ఎడారి రాత్రుల చలికి సగటు 10 గ్రాముల దగ్గరే ఆగిపోయింది.

అసలు చిక్కు చలి కాదు, నాచు స్వభావంలోనే ఉంది. ఇంధనానికి ఈ పరిశోధకులు కోరుకున్నది నాచు ఒంట్లోని నూనె. నత్రజని అందకపోతే కణం ఒంట్లో నూనె దాచుకుంటుంది. కడుపు మాడ్చితే నూనె శాతం పెరుగుతుంది కానీ కణాల పెరుగుదల కుంటుపడుతుంది. మొత్తం లెక్క చూస్తే దక్కే నూనె పెరగదు. నూనె తయారీకి కీలకమైన ఎంజైము జన్యువును అదనంగా చొప్పించి చూశారు, అయినా నూనె పెరగలేదు. పోగుచేయడం ఇంకో తలనొప్పి. లీటరు చెరువునీటిలో ఉండే నాచు అర గ్రాము మాత్రమే. కొన్ని మైక్రాన్ల కణాలను నీటి నుంచి వేరుచేసి ఆరబెట్టేసరికి, వచ్చే శక్తిలో చాలా భాగం అక్కడే ఖర్చయిపోతుంది.

ఈ బాధ తప్పించే ఉపాయం, నాచులాగే ఎండతో బతికే సయనోబాక్టీరియా చూపించింది. 1999లో టొరంటో శాస్త్రవేత్తలు దానిలోకి వేరే బాక్టీరియా నుంచి రెండు జన్యువులు ఎక్కించారు. అది కార్బన్ డయాక్సైడు నుంచి ఇథనాల్ తయారుచేసి నీళ్ళలోకి వదిలింది. కణాన్ని చంపనక్కరలేదు, పిండనక్కరలేదు. నాకు ఈ ప్రయోగం మీద అమిత గౌరవం. కానీ అంత పలచని ఇథనాల్‌ను నీటి నుంచి వేరుచేయడం మళ్ళీ ఖర్చే. ఈ దారిలో 2007లో మొదలైన జౌల్ సంస్థ 2017లో మూతపడింది. అదే ఏడాది చమురు సంస్థ ఎక్సాన్‌మొబిల్ భాగస్వామ్యంలోని శాస్త్రవేత్తలు ఒక నాచులో నూనెను 20 నుంచి 40 శాతానికి పెంచారు. పెరుగుదల కూడా పెద్దగా దెబ్బతినలేదు. ఇంత ఆశ చూపించినా, 2023 నాటికి ఆ సంస్థ కూడా ఈ పరిశోధన నుంచి తప్పుకుంది.

రేస్‌వే చెరువు మాత్రం ఓడిపోలేదు. కాలిఫోర్నియా నుంచి తమిళనాడు దాకా స్పిరులినా ఇలాంటి చెరువుల్లోనే పండుతోంది. ఇంధనం విషయంలో దాని చోటు మురుగు శుద్ధి కేంద్రమేనని నా నమ్మకం. అక్కడ నీళ్ళు, నత్రజని, భాస్వరం కొనక్కరలేదు, చెరువు ఖర్చు శుద్ధి పద్దులోనే సర్దుకుంటుంది. పైగా మీథేన్ కోసం పులియబెట్టే నాచును ఆరబెట్టే పని లేదు. ఎండ పుష్కలంగా, భూమి చౌకగా ఉన్న పట్టణాలు ముందుగా ఈ లెక్క వేసి చూడాలి.