తాళములు అప్పగించు రోజు

మన సంఘములలో అద్దె డబ్బు మీద బ్రతుకుచున్న కుటుంబములు మనము అనుకొనుదాని కంటె ఎక్కువే. రిటైరైన పంతులుగారు చేతికి వచ్చిన సొమ్ముతో మండల కేంద్రములో రెండు వాటాల డాబా వేసికొని, ఒక వాటాలో తాముండి రెండవది అద్దెకిచ్చుదురు. పిల్లల చదువుల కొరకు టౌనులో కట్టుకొనిన ఇంటిని, పిల్లలు ఉద్యోగములకు వెళ్లిపోగా అద్దెకిచ్చి తిరిగి పల్లెకు వచ్చినవారు కలరు. భర్త చనిపోయిన తరువాత ముందు గది దుకాణమునకిచ్చి, ఆ అద్దెతోనే మందులు కొనుక్కొను తల్లులు కలరు. వీరెవరికిని ఇది వ్యాపారము కాదు. అందుకే కాగితము లేకుండ మాట మీద ఇచ్చుదురు, మాట మీదనే తగవు పడుదురు.

ఈ తగవులలో మధ్యన కూర్చుండవలసి వచ్చినప్పుడెల్ల మేము గమనించిన సంగతి ఒకటున్నది. అద్దె సరిగా రాలేదని వచ్చు తగవులు తక్కువ. ఎక్కువ తగవులు తాళములు అప్పగించు రోజున పుట్టుచున్నవి. ఇంటివారు గోడలు చూచి, "సున్నాలకు ఒక నెల అద్దె పట్టుకుంటాం" అందురు. అద్దెవారు, "మేం వచ్చిననాడే గోడలు ఇలా ఉన్నాయండీ" అందురు. ఎవరు అబద్ధమాడుచున్నారని అడిగి లాభము లేదు. మూడేండ్ల క్రిందట ఆ గోడ ఎట్లుండెనో ఇద్దరికిని నిజముగా జ్ఞాపకము లేదు. జ్ఞాపకము లేనిచోట అడ్వాన్సు ఎవరి చేతిలో ఉన్నదో వారిదే పైచేయి.

కాబట్టి ముందు అడ్వాన్సు సంగతి చెప్పుకొందము. అది ఇంటివారి డబ్బు కాదు. ఎదుటివారు మన యొద్ద ఉంచిన సొమ్ము. దానిని ఎరువులకో, అమ్మాయి ఫీజుకో వాడేసుకొని, ఖాళీ చేయునప్పుడు "కొత్తవాళ్లు చేరి అడ్వాన్సు ఇవ్వగానే మీకు పంపిస్తాం" అనుట మన ఊళ్లలో మామూలైపోయినది. బదిలీ అయిన ఒక నర్సమ్మగారి కుటుంబము ఈ మాట విని మూడు నెలలు ఫోను చేయుచునే ఉండిరి. ఇక్కడి అడ్వాన్సు చేతికి వచ్చిననే గాని అక్కడి అడ్వాన్సు కట్టలేని స్థితి వారిది. కొత్త ఊరిలో అప్పు తెచ్చి కట్టిరి. ఇల్లుగల పెద్దమనిషి చెడ్డవాడు కాడు, ఆ సొమ్ము ఆయన యొద్ద లేదు, అంతే. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేరుగా వేసికొనిన యెడల ఈ ఇబ్బంది ఇద్దరికిని రాదు. 2021లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు పంపిన మాదిరి అద్దె చట్టములో, నివాసపు ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదని ఉన్నది. ఆ హద్దు మంచిదే. ఎక్కువ తీసికొనిన కొలది తిరిగి ఇచ్చుట అంత కష్టము.

ఇక నష్టము సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ఇప్పటికిని మనకు ఆధారము. అద్దెకున్నవారు తమకు అప్పగించిన స్థితిలోనే ఇంటిని తిరిగి అప్పగించవలెనని అందులో ఉన్నది. అయితే రెండు మినహాయింపులు కలవు: న్యాయమైన వాడకము వలన వచ్చు అరుగుదల, మనుష్యుడు ఆపలేని విపత్తు. తగవంతయు ఆ మొదటి మినహాయింపును మరచుట వలననే వచ్చుచున్నది.

నిర్గమకాండము 22వ అధ్యాయము 14, 15 వచనములను మన వారు ఈ కోణములో చదివినట్లు కనబడదు. పొరుగువాని యొద్ద అడిగి తెచ్చుకొనిన పశువు, యజమానుడు దగ్గర లేనప్పుడు దెబ్బతినిన యెడల తెచ్చుకొనినవాడు నష్టము కట్టవలెను. బాడుగకు తెచ్చినదైతే మాత్రము ఆ నష్టము బాడుగలోనే కలిసినదని అక్కడ వేరుచేసి చెప్పబడినది. ఉచితముగా ఇచ్చిన దానికిని, డబ్బు పుచ్చుకొని ఇచ్చిన దానికిని తేడా అప్పటికే ఉన్నది. నెలనెల అద్దె పుచ్చుకొనుచు, గోడ మాసినదని మరల పట్టుకొనిన యెడల ఒకే అరుగుదలకు రెండుసార్లు తీసికొనినట్లే గదా.

గోడ రంగు వెలియుట, వంటగది పొగచూరుట, క్యాలెండరు మేకుల గుర్తులు, కుళాయి వాషరు అరిగిపోవుట, వానలకు తలుపు ఉబ్బి గడియ పడకపోవుట, ఇవన్నియు అరుగుదలే. వాష్‌బేసిను పగులుట, కిటికీ అద్దము బంతి తగిలి పోవుట, టైల్సు మీద రోలు పెట్టి దంచగా అవి చిట్లుట, స్విచ్‌బోర్డు ఊడదీసికొని పోవుట, సింకు గొట్టములో అన్నము, గుడ్డపీలికలు కుక్కుకొని పోవుట, ఇవి నష్టము. మధ్యలో కొన్ని తేలనివి ఉండును. బోరు మోటారు కాలిపోవుట అట్టిది. మే నెలలో నీరు అడుగంటి మోటారు ఉత్తిగా తిరిగి కాలిన యెడల, ఆ సంగతి ముందుగా చెప్పని ఇంటివారిదే ఖర్చు అని మా అభిప్రాయము. "గంటకు మించి వేయకండి" అని చెప్పినను రాత్రంతయు వదలివేసిన యెడల అద్దెవారిది. ఈ మాట నోటితో చెప్పి ఊరకుండక, మోటారు స్విచ్చు ప్రక్కన కాగితము అంటించిన మేలు.

నష్టమే అయినను కొత్త వస్తువు పూర్తి వెల పట్టుకొనుట న్యాయము కాదు. ఒక గదికి రంగు వేయుటకు రూ.6,000 అగునని, ఆ రంగు 5 ఏండ్లు నిలుచునని అనుకొందము. 3 ఏండ్లు ఉన్నవారి పిల్లలు గోడంతయు రంగు పెన్సిళ్లతో గీసిపెట్టిరి. ఆ రంగు ఎటులైనను ఇంక 2 ఏండ్లే నిలిచెడిది. కాబట్టి 5లో 2 వంతులు, అనగా రూ.2,400 అడుగవచ్చును. ఇది చట్టములో వ్రాసిన లెక్క కాదు గాని, ఎదుటివారి ముందు కాగితము మీద వేసి చూపగలిగిన లెక్క. చూపగలిగిన లెక్కకు ఎదురు చెప్పువారు తక్కువ.

ఇదంతయు సాధ్యము కావలెనన్న, పని మొదలు కావలసినది చివరి రోజున కాదు, మొదటి రోజున. సామాను దించకముందే ఇరువురు కలిసి గదిగది తిరిగి వ్రాసికొనవలెను: ఫ్యాన్లు ఎన్ని, వాటి పేర్లు, ట్యూబులైట్లు, కుళాయిలు, తాళపుచెవులు, కరెంటు మీటరు రీడింగు, ఎక్కడ పగులున్నది, ఏ టైలు చిట్లియున్నది. ఇంటి లోపములు మనమే వ్రాసియిచ్చుటకు మన వారు సంకోచింతురు. సంకోచింపనక్కర లేదు, అట్టి కాగితమునే ఎదుటివారు నమ్ముదురు. ఈ రోజులలో సెల్‌ఫోను లేని ఇల్లు లేదు. ప్రతి గదిని ఫొటో తీసి, అదే రోజున అద్దెవారికి కూడ పంపవలెను. మన యొద్ద మాత్రమే ఉన్న ఫొటో సగము సాక్ష్యమే.

మధ్యలో ఇల్లు చూచుకొనుటకు యజమానికి హక్కు కలదు. అదే 108వ సెక్షను ప్రకారము తగిన వేళలో వెళ్లి చూచి, లోపమున్న నోటీసు ఇయ్యవచ్చును. అద్దెవారి వలన కలిగిన లోపమైతే నోటీసు ఇచ్చిన 3 నెలలలో వారు బాగుచేయించవలెను. ఇంటివారు చేయించవలసిన మరమ్మతు చెప్పినను చేయించకపోయిన యెడల, అద్దెవారు తామే చేయించుకొని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకొనుటకును అదే చట్టము ఒప్పుకొనుచున్నది. అయితే చూచుకొను హక్కున్నదని, మన ఇల్లే గదా అని, తలుపు తోసికొని వెళ్లరాదు. 2021 మాదిరి చట్టము 24 గంటల ముందు చెప్పవలెనన్నది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో, అప్పిచ్చినవాడు తాకట్టు కొరకు ఎదుటివాని ఇంటిలోనికి పోక బయటనే నిలువవలెనన్న ఆజ్ఞ ఎంతో ముందు నుండియే ఉన్నది.

ఒప్పందములో మార్పులు చిన్నవిగా మొదలగును. అత్తగారికి ఆపరేషను అయి వచ్చి మూడు నెలలుండుట మార్పు కాదు, దానికి మొగము ముడుచుకొనుట మర్యాద కాదు. ఒక గదిని వేరొకరికి అద్దెకిచ్చుట మార్పు. వద్దని ఒప్పందములో వ్రాయనప్పుడు 1882 చట్టము దానికి అడ్డు చెప్పదు, గనుక ముందే వ్రాసికొనవలెను. ఇంటిలో కర్రీ పాయింటు పెట్టుట ఇంకను పెద్ద మార్పు. మీటరు మన పేరున ఉండును. ఇంటి కనెక్షను మీద వ్యాపారము చేయుచున్నారని తేలిన యెడల 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద రెండింతల రేటు వేయుదురు, ఆ కాగితము మన పేరుననే వచ్చును. గడువు నడుచుచుండగా అద్దె పెంచుట కూడ ఒక్కరి ఇష్టము కాదు. ఏటా ఎంత పెంచుదుమో మొదటనే వ్రాయవలెను. ఏ మార్పైనను పాత కాగితములో కొట్టివేతలు చేయక, వేరుగా వ్రాసి, తేదీ వేసి, ఇరువురు సంతకము చేసి, చెరి ఒక ప్రతి ఉంచుకొనవలెను. 11 నెలలకు వ్రాసికొంటే రిజిస్ట్రేషను అక్కర లేదని దస్తావేజు లేఖరులు చెప్పుదురు. ఆ మాట మీదనే ఉండక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అడిగి తెలిసికొనుట మంచిది. అద్దెకున్న భర్త చనిపోయి భార్యాపిల్లలు ఉండదలచిన యెడల, ఆమె పేరున కాగితము మార్చి, పాత అడ్వాన్సునే ఆమె పేరున చూపవలెను. ఆ సమయమున కొత్త అడ్వాన్సు అడిగినవారిని మేమెరుగుదుము, పేరు చెప్పము.

గోడలు కొట్టించుకొను మార్పు వేరు. మందుల కొరకు అద్దె మీద ఆధారపడిన ఒక తల్లి ముందు గదిని దుకాణమునకు ఇచ్చెను. అద్దెవాడు అడుగకుండ తలుపు తీసివేసి, గోడ కొట్టి షట్టరు పెట్టించెను. రెండేండ్లకు ఖాళీ చేయుచు షట్టరు డబ్బులు ఇమ్మనెను. ఇయ్యలేనన్న యెడల ఊడదీసికొని పోవుదుననెను. తాను బిగించినది తీసికొని పోవుటకు చట్టము ఒప్పును గాని, ఇంటిని మొదటి స్థితికి తెచ్చి వెళ్లవలెను. అనగా గోడ కట్టి, తలుపు బిగించి పోవలెను. ఆ ఖర్చు లెక్కవేయగా షట్టరు ఊడదీయుట వలన అతనికి మిగులునది ఏమియు లేదు. చివరకు షట్టరు అక్కడనే ఉంచెను, ఆమె అడ్వాన్సు మొత్తము తిరిగి ఇచ్చెను. ఆమెకు షట్టరు వలన తరువాతి అద్దె కొంచెము ఎక్కువే వచ్చినది.

గడువుకు ముందే వెళ్లిపోవువారి మీద ఇంటివారికి కోపము వచ్చుట సహజము. వేరే ఒప్పందము లేనప్పుడు నెల అద్దెకున్నవారికి 15 రోజుల నోటీసు చాలునని 106వ సెక్షను చెప్పుచున్నది. మన ఊళ్లలో ఒక నెల అని వ్రాసికొందురు, అది ఇరువైపుల వర్తించునట్లు వ్రాయవలెను. "ముందు వెళితే అడ్వాన్సు రాదు" అని వ్రాసికొనినంత మాత్రమున అంతయు మనదైపోదు. 1872 కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము, వ్రాసిన మొత్తము పై హద్దు మాత్రమే, దానికి లోబడి న్యాయమైన పరిహారమే దొరకును. ఇల్లు 20 రోజులు ఖాళీగా ఉండి కొత్తవారు చేరిన యెడల, 20 రోజుల అద్దె అడుగుట న్యాయము.

ఇక్కడ ఒక చిక్కున్నది. బడి పంతుళ్ల బదిలీలు తరచుగా ఎండకాలములో వచ్చును, వెనువెంటనే ఆషాఢము వచ్చును. మనము పాటింపము గాని, అద్దెకు వచ్చువారిలో అనేకులు ఆషాఢములో ఇల్లు మారరు. ఆ నెల ఇల్లు ఖాళీగానే ఉండును. దానిని వెళ్లిపోవువారి మీద మోపుట తగదు. ఆ నెలలో వెల్లవేయించుట, డ్రైనేజి బాగుచేయించుట పెట్టుకొనిన యెడల కొంత కలిసివచ్చును.

అద్దె బాకీపెట్టి, తాళము వేసి కనబడకుండ పోయినవారి విషయములో తొందరపడి తాళము పగులగొట్టరాదు. ఫోను, ఉత్తరము రెండును పంపి, జవాబు లేనిచో వకీలుగారిని అడిగి ఆయన చెప్పినట్లు చేయవలెను. ఇంటిలో మనుష్యులుండగా కరెంటు, నీళ్లు ఆపుట ఎంత బాకీయున్నను చేయరాని పని.

విపత్తు సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతములో ఇండ్లు మునిగినప్పుడు తలుపులు ఉబ్బినవి, మోటార్లు పోయినవి, అద్దెవారి మంచములు, బట్టలు బురదపాలైనవి. అట్టి నష్టమును అద్దెవారి అడ్వాన్సులో పట్టుకొనుటకు చట్టమును ఒప్పదు, మనస్సాక్షియు ఒప్పదు. ఇల్లు ఉండుటకు వీలులేనంతగా పాడైన యెడల, గడువుతో పని లేకుండ వారు విడిచిపోవచ్చును.

తాళములు అప్పగించు రోజున మొదటినాటి కాగితము తీసి మరల గదిగది తిరగవలెను. లెక్క ఇట్లుండవచ్చును: అడ్వాన్సు రూ.10,000, కరెంటు బిల్లు రూ.640, పగిలిన వాష్‌బేసినుకు, దుకాణపు రసీదుతో సహా, రూ.900, గది రంగులో వారి వంతు రూ.2,400, తిరిగి ఇయ్యవలసినది రూ.6,060. ఇరువురు సంతకము చేసి, తాళపుచెవులు లెక్కించుకొని, సామాను బండి కదలకముందే ఆ సొమ్ము వారి చేతిలో పెట్టవలెను. కరెంటు బిల్లు ఇంకను రాలేదని ఏమైనను ఆపుకొనిన యెడల, ఎంత ఆపితిమో, ఏ తేదీలోగా పంపుదుమో ఆ కాగితము మీదనే వ్రాసి, ఒక ప్రతి ఇంటి యజమానురాలి చేతికి కాక పోయినను కనీసము ఆమె ఫోనుకైనను పంపవలెను.