ఒకే కొలువులో నిలిచినచో జీతము పెరుగునా?

కోఠిలో బస్సు దిగి సుల్తాన్ బజారు వైపు నడచువారికి కూతవేటు దూరములో రెండు విధములైన కొలువులు కనిపించును. ఒకవైపు బ్యాంకు స్ట్రీటులో బల్ల ముందు కూర్చున్న గుమాస్తా; మరియొకవైపు బట్టల దుకాణములో ఉదయమునుండి రాత్రి వరకు చీరలు విప్పి చూపి, మరల మడత పెట్టు పనివాడు. ఇద్దరును 20 ఏండ్లు ఒకేచోట పనిచేసిరనుకొందము. ఇద్దరి నిలకడయు ఒక్కటియే. కాని ఆ 20 ఏండ్లు వారి జీతములకు తెచ్చిన ఫలితము ఒక్కటి కాదు. కారణమేమో విచారింతము.

బ్యాంకు గుమాస్తా జీతము మెట్లవరుసవలె ఏర్పడినది. 1953 నాటి శాస్త్రి అవార్డు, 1962 నాటి దేశాయి అవార్డు ఈ మెట్లకు రూపమిచ్చినవి. 1966 అక్టోబరు 19న ఉద్యోగ సంఘములకును బ్యాంకుల యాజమాన్యములకును మధ్య తొలి ద్వైపాక్షిక ఒప్పందము కుదిరినది. 2024 మార్చి 8న సంతకములైన 12వ ఒప్పందము ప్రకారము గుమాస్తా మూలవేతనము రూ. 24,050తో మొదలై, 19 ఇంక్రిమెంట్ల పిమ్మట రూ. 64,480 చేరును. మొదటి ఇంక్రిమెంటు రూ. 1,340. దీనికి తోడు ధరల సూచిని అనుసరించి మూడు నెలలకొకసారి కరువు భత్యము మారుచుండును. ఇక్కడ జీతము పెంచుమని ఎవరినీ యాచింపనక్కరలేదు. గడచిన సంవత్సరమే ఉద్యోగి తరఫున మాటలాడును. ఈ కొలువు విడిచి వేరొక బ్యాంకులో క్రొత్తగా గుమాస్తాగా చేరువాడు సాధారణముగా మొదటి మెట్టునుండి మరల ఎక్కవలసినదే.

యజమాని పేరు మారినను ఈ లెక్క చెడకుండుట గమనింపదగినది. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నములో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. గన్ ఫౌండ్రీలో ప్రధాన కార్యాలయము కలిగిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిలు 1న స్టేట్ బ్యాంకులో కలిసినది. ద్వారముపై పలక మారినది గాని, లోపలి ఉద్యోగుల పూర్వసేవ తెగిపోలేదు.

ఇక దుకాణములోనికి పోదము. అక్కడ మెట్లవరుస లేదు. ఏండ్లు గడచినకొలది నమ్మకము పెరుగును. గల్లాపెట్టె తాళము చేతికి వచ్చును. పిల్ల పెండ్లికి అడ్వాన్సు దొరకును. పండుగకు బట్టలు వచ్చును. ఇవి విలువలేనివి కావు. కాని ఇవి జీతము కావు. రూ. 15,000 తెచ్చుకొనువానికి ఏటికి రూ. 500 పెంచినారనుకొనుడు. ఆ ఏడు ధరలు నూటికి 5 వంతులు పెరిగినచో, పాత సంసారము పాతవిధముగా నడుపుటకే రూ. 750 కావలెను. చేతికి వచ్చు నోట్లు పెరిగినవి. సంచిలోనికి వచ్చు సరకు తగ్గినది. ఇట్టిచోట కొలువు మారినవాడు లాభపడుట కలదు. క్రొత్త యజమాని బజారులో నడచు జీతమును చూచి బేరమాడును. పాత యజమాని నిరుడు తానిచ్చిన జీతమును చూచి పెంచును.

అట్లని వెంటనే మారుటయే మేలా? మారుటకు ముందు ఒక లెక్క వేసికొనవలెను. అది గ్రాట్యుటీ. 10 మంది, అంతకు మించి పనిచేయు సంస్థలలో, 5 ఏండ్ల నిరంతర సేవ ముగిసినవానికి, ఏటికి 15 రోజుల వేతనము చొప్పున ఈ సొమ్ము ముట్టవలెను. 1972 నాటి చట్టము నెలకొల్పిన ఈ సూత్రమును 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కొనసాగించినది. ఉద్యోగి మరణించినను, పనికి అశక్తుడైనను 5 ఏండ్ల నియమము అడ్డురాదు. నిర్ణీత కాలమునకు నియమింపబడినవారికి క్రొత్త స్మృతి ప్రకారము ఒక ఏడాది సేవయే చాలును.

నెలకు 26 దినములుగా లెక్కింతురు. కడపటి నెల మూలవేతనము, కరువు భత్యము కలిసి రూ. 13,000 అయినచో, 15 దినములకు రూ. 7,500, ఐదేండ్లకు రూ. 37,500. నాలుగేండ్లు నిండగనే, నెలకు రూ. 500 ఎక్కువ వచ్చునని మారినవాడు ఆ మొత్తమును పోగొట్టుకొనును. దానిని తిరిగి కూడబెట్టుటకు 75 నెలలు, అనగా ఆరేండ్ల మూడు నెలలు పట్టును. మరియొక విశేషము: అన్ని ఏండ్లకును కడపటి జీతముతోనే లెక్క కట్టుదురు గనుక, ఒకేచోట నిలిచినవాని తొలి ఏండ్లకు కూడ చివరి జీతపు విలువయే వచ్చును.

భవిష్య నిధి సంగతి వేరు. 20 మంది, అంతకు మించి ఉన్న సంస్థలలో ఇది అమలగును. ఉద్యోగి ఎన్నిచోట్ల పనిచేసినను ఖాతా సంఖ్య ఒక్కటే ఉంచుకొని, సొమ్మును క్రొత్త కొలువునకు మార్పించుకొనినచో సేవ తెగదు. అన్నిచోట్లను కలిపి 10 ఏండ్లు నిండినచో 58వ యేట పింఛనుకు అర్హత కలుగును. మారినప్పుడెల్ల పింఛను వంతును తీసికొని ఖర్చు పెట్టువాడు ఆ ఏండ్లను తానే చెరిపివేసికొనుచున్నాడు.

మరి ఆరేడుగురు మాత్రమే ఉన్న చిన్న దుకాణము మాట ఏమి? అక్కడ గ్రాట్యుటీ సూత్రము చేరదు. అయినను 1988 నాటి దుకాణములు, సంస్థల చట్టము కలదు. ఏడాదికి తక్కువగాక నిరంతరముగా పనిచేసినవానిని సరియైన కారణము లేక తొలగించినచో, నెల నోటీసు గాని ఆ నెల వేతనము గాని ఇచ్చి, ఏటికి 15 రోజుల సగటు వేతనము సేవా పరిహారముగా ఈయవలెను. అయితే పనిలో చేరిన తేది ఏదని అడిగినప్పుడు చూపుటకు కాగితము కావలెను. ‘అయ్యగారికి తెలియును’ అను మాట, ఆ అయ్యగారు కాలము చేసి దుకాణము కుమారుల చేతికి వచ్చిన నాడు, ఎంతవరకు నిలుచునో చెప్పలేము.

నిలకడమీద నిజము తెలియునందురు. కొలువులో నిలకడ విలువ మాత్రము దానిని లెక్కించు నియమము ఉన్నచోట, ఆ లెక్కకు సాక్ష్యము ఉన్నచోట తెలియును. ఈ సాయంకాలము మీ ఇంటి పెట్టె తెరచి, సంపాదించువారి నియామక పత్రము, జీతపు చీటీలు, భవిష్య నిధి ఖాతా సంఖ్య ఉన్నవో లేవో చూచుకొనుడు. లేనిచో రేపే అడిగి వ్రాయించుకొనుడు. కొలువులో ఉండవలెనా, మారవలెనా అను ప్రశ్న ఆ తరువాతిది.